‘రన్’ దగ్గర కాస్త ఆగు

హైదరాబాద్

తమ్ముడూ,

నువ్వు పంపిన అనువాద కథ రెండుసార్లు చదివాను. కథ ఎంపిక బాగుంది, సంభాషణలు ఇంకా బాగున్నాయి. పెన్సిలు గీతలు పెట్టుకుంటూ పోతే వాటిలో సగానికి పైగా ఒకే ఇంగ్లీషు మాట చుట్టూ పడ్డాయి. ఆ మాట ‘రన్’. మూడో పేజీలో నల్లా ‘నడుస్తోంది’. ఐదో పేజీలో తండ్రి కొట్టును ‘నిర్వహిస్తున్నాడు’. తొమ్మిదో పేజీలో ఇంట్లో బియ్యం ‘పూర్తయ్యాయి’. మిగతా సంగతులు ఇంకో ఉత్తరంలో రాస్తాను, ఈ ఉత్తరం ఈ ఒక్క మాటకే. దీన్ని పట్టుకోవడం వస్తే గెట్, టేక్, సెట్ లాంటి మాటలన్నీ ఇదే దారిలో లొంగుతాయి.

ముందు ఈ మాట ఎంత పెద్దదో తెలుసుకో. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు రెండో కూర్పు 1989లో 20 సంపుటాలుగా వచ్చింది. అందులో అన్నిటికన్నా పెద్ద వివరణ ‘సెట్’ అనే మాటది, 430 అర్థాలు. తర్వాత మూడో కూర్పు కోసం మాటలన్నీ మళ్లీ తిరగదోడినప్పుడు ‘రన్’ దాన్ని దాటిపోయింది. ఒక్క క్రియగానే 645 అర్థాలు తేలాయి. ఆ ఒక్క మాట మీద ఒక సంపాదకుడు తొమ్మిది నెలలు కూర్చున్నాడు. నువ్వు దాన్ని ఒక్క చూపులో దాటెయ్యబోతున్నావు, అందుకే దెబ్బ తగిలింది.

ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయంటే, ఇంగ్లీషులో ఈ మాటకు కాళ్లతో పరుగెత్తడం ఎంత పాతదో ప్రవహించడం కూడా అంతే పాతది. దాని చుట్టమైన జర్మన్‌లో ఇప్పటికీ రెండు వేరు మాటలున్నాయి. రెన్నెన్ అంటే పరుగెత్తడం, రిన్నెన్ అంటే పారడం, కారడం. ఇంగ్లీషులో ఆ రెండూ ఒకే మాటలో కలిసిపోయాయి. తర్వాత యంత్రాలు వచ్చాయి, రైళ్లు వచ్చాయి, కంపెనీలు వచ్చాయి, కంప్యూటర్లు వచ్చాయి. ఆగకుండా సాగే ప్రతిదానికీ వాళ్లు ఇదే మాట తొడిగారు.

మనకూ ఇలాంటి మాట లేకపోలేదు. ‘పారు’ చూడు. నీళ్లు పారతాయి, దొంగ పారిపోతాడు, పాచిక పారుతుంది, కాగితం మీద చూపు పారుతుంది. కాని మనం యంత్రాలకూ దుకాణాలకూ దాన్ని తగిలించలేదు. పనిని పది క్రియలకు పంచి పెట్టాం. అందుకే ‘రన్’ కనబడగానే దాని అర్థం కోసం నిఘంటువు తెరవొద్దు. ముందు కర్తను చూడు. ఏది సాగుతోంది? ఆ వస్తువు గురించి హైదరాబాదులో మామూలు మనిషి తెలుగులో మాట్లాడితే దానికి ఏ క్రియ వేస్తాడు? ఆ క్రియే నీ అనువాదం. ‘రన్’ అన్న మాటను అక్కడితో మరిచిపోవచ్చు.

నీళ్ల దగ్గర మొదలుపెడదాం, నువ్వు ఎక్కువ తడబడింది అక్కడే. వాగు, కాలువ, నది పారతాయి. ముక్కు, చెమట, కన్నీళ్లు, పైకప్పు కారతాయి. నీరు మెల్లగా సన్నగా వచ్చినప్పుడు కారడం, ఒరవడితో సాగినప్పుడు పారడం. అంతకు మించితే పొర్లడం, పోటెత్తడం, ముంచెత్తడం. 1908 సెప్టెంబరులో మూసీ వరద గురించి ఇంగ్లీషు రచయిత నది వీధుల్లో ‘రన్’ అయిందని రాసినా నువ్వు ‘పారింది’ దగ్గర ఆగిపోతే ఆ విధ్వంసం పాఠకుడికి అందదు. అక్కడ ముంచెత్తింది అనాల్సిందే. నల్లాకు వచ్చేసరికి మనవాళ్లు నల్లా పారుతోంది అనరు. నీళ్లు రావడం గురించైతే ‘నల్లా వచ్చింది’ అంటారు. ఎవరో కట్టెయ్యడం మరిచిపోతే ‘నల్లా ఇప్పి పెట్టిండ్రు, నీళ్లు పోతున్నయ్’ అంటారు. నీ మూడో పేజీలో ఉన్నది ఈ రెండోది. ఇంకో చిన్న జాగ్రత్త: నల్లా, నాలా రెండూ ఈ ఊళ్లో రోజూ వినబడే మాటలే. నల్లా ఇంట్లో, నాలా వీధి చివర వరద నీటి కాలువ. ఒక్క దీర్ఘం తప్పితే వంటింట్లోకి మురికినీరు వస్తుంది. స్నానానికి నీళ్లు ‘రన్’ చేయడం అంటే నీళ్లు పట్టడం, పాతకాలపు ఇల్లయితే నీళ్లు తోడటం. ఉతికిన బట్టలో రంగు ‘రన్’ అయితే రంగు దిగింది, లేదా ఆ చీర రంగు వదిలింది. పప్పు ‘రన్నీ’గా ఉంటే జారుగా ఉంది. కడుపు విషయమైతే కడుపు జారుతోంది, విరేచనాలు అవుతున్నాయి. మోషన్లు అనే మాట కూడా ఇళ్లల్లో అంతే మామూలుగా తిరుగుతుంది.

యంత్రాల దగ్గర తెలుగుకు మూడు మంచి క్రియలున్నాయి: ఆడు, నడుచు, తిరుగు. ఫ్యాను తిరుగుతుంది, మీటరు తిరుగుతుంది. బోరు మోటారు కోస్తాలో ఆడుతుంది, తెలంగాణలో నడుస్తుంది. కోస్తాలో పిండి ఆడిస్తారు, ఇక్కడ గిర్నికి పోయి పిండి పట్టిస్తారు. సినిమా ఆడుతుంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఒక సినిమా వంద రోజులు ఆడిందంటారు. సినిమాకే ‘రన్‌టైమ్’ వచ్చినప్పుడు నిడివి అని రాయి. ట్రేడ్ లెక్కలు చెప్పేవాళ్లు ‘ఫుల్ రన్‌లో ఇంత వసూలైంది’ అంటారు, ఆ మాట వాళ్ల నోట అలాగే ఉంచు. బస్సు ఒక్కటి నడుస్తుంది. ఆ దారిలో బస్సులు తిరుగుతాయి. ఈ రెండూ వేరు. మొదటిది ఇప్పుడు కదులుతున్న బండి, రెండోది రోజూ ఉండే ఏర్పాటు. ఇంగ్లీషు రెంటికీ ఒకే మాట వాడి వదిలేస్తుంది, ఏది ఉద్దేశమో నువ్వే తేల్చుకోవాలి. రైలు ‘రన్నింగ్ లేట్’ అయితే రైల్వే ప్రకటన ఆలస్యంగా నడుస్తోంది అంటుంది, సికింద్రాబాద్ స్టేషన్ బెంచీ మీద కూర్చున్న మనిషి ‘బండి రెండు గంటలు లేటు’ అంటాడు. కథలో ఎవరు మాట్లాడుతున్నారో దాన్ని బట్టి వేసుకో.

ఈ క్రియలన్నిటికీ జంట ఉంటుంది, అది మరిచిపోతే వాక్యం కుంటుతుంది. పారు–పారించు, ఆడు–ఆడించు, నడుచు–నడుపు, తిరుగు–తిప్పు. తనంతట తాను సాగిందా, ఒకరు సాగించారా అన్నది ఇంగ్లీషు ‘రన్’ చెప్పదు, పక్కనున్న కర్మ చెబుతుంది. కొట్టు బాగా నడుస్తోంది. ఆయన కొట్టు నడుపుతున్నాడు. నీ ఐదో పేజీలోని ‘నిర్వహించు’ సభలకూ సమావేశాలకూ సరే, బేగంబజారు కిరాణా కొట్టుకు బరువెక్కువ. అక్కడ నడపడం కూడా తీసేసి ‘ఆయనకు బేగంబజారులో కిరాణా కొట్టుంది’ అంటే చాలు. ఇల్లు ‘రన్’ చేసే మనిషి విషయంలో మనకు ఇంగ్లీషుకన్నా మంచి మెట్లున్నాయి. ఇల్లు నడుపుతోంది అంటే సమర్థత, నెట్టుకొస్తోంది అంటే ఇబ్బంది, ఈదుకొస్తోంది అంటే ఇంకా కష్టం. మూల కథలో ఆవిడ చేతిలో డబ్బు ఆడుతోందో లేదో చూసి ఈ మూడింటిలో ఒకటి తీసుకో.

దీని పక్కనే ఒక పెద్ద చీడ ఉంది, మన ఊరి బోర్డుల మీదే కనబడుతుంది. ‘మహిళా సంఘంచే నడపబడుచున్న క్యాంటీన్’. ఇంగ్లీషులో ‘రన్ బై’ ఉంటుంది కాబట్టి తెలుగులో ‘చే’ వచ్చింది, ‘బడు’ వచ్చింది. తెలుగులో చేసేవాడు ముందు వస్తాడు: మహిళా సంఘం నడిపే క్యాంటీన్. మాటల లెక్క తగ్గలేదు గాని వాక్యం లేచి నిలబడింది. నీ కథలో ‘బడు’ ఉన్న ప్రతిచోటా గీత పెట్టాను, ఒక్కటి కూడా అవసరం లేదు.

ఇప్పుడు తొమ్మిదో పేజీ. ‘రన్ అవుట్’ అంటే అయిపోవడం, ఇది అందరికీ తెలుసు. ఏం అయిపోయిందో చూడకపోవడం వల్లే నువ్వు దొరికిపోయావు. మన ఇళ్లల్లో బియ్యం, ఉప్పు, పసుపు, కుంకుమ అయిపోయాయని అనరు. అశుభమని ‘నిండుకున్నాయి’ అంటారు. నీ కథలో పాతబస్తీ ఇంటి పెద్దావిడ డబ్బా తీసి చూసి కోడలితో చెప్పే మాట అది. ఆవిడ నోట ‘పూర్తయ్యాయి’ పెడితే ఆవిడ వయసూ ఇల్లూ రెండూ పోతాయి. ‘బియ్యం నిండుకున్నయే’ అంటే ఇంకేమీ వర్ణించక్కర్లేదు. అయితే ఇదే మాటను లండన్‌లో జరిగే కథలో వాడకు. ఆ నమ్మకం అక్కడి వంటింట్లో లేదు, అక్కడ అయిపోయాయి అనే మామూలు మాటే న్యాయం. మిగతావి చూడు. పెట్రోలు అయిపోతుంది. సమయం మించిపోతుంది, లేదా చాలదు. ఓపిక నశిస్తుంది. చెప్పడానికి మాట రాదు. ఏం చెయ్యాలో తోచదు. బావి ఎండిపోతుంది. పుస్తకం కాపీలు అయిపోతాయి. ఒక్క ఇంగ్లీషు మాటకు ఎనిమిది తెలుగు మాటలు, ఏ రెండూ చోటు మార్చుకోలేవు.

‘రన్’ తర్వాత వచ్చే చిన్న మాటలు కర్త అంత ముఖ్యం. ‘ఇంటూ’ వస్తే మనిషి తారసపడ్డాడు, బండి గుద్దింది, అప్పుల్లో కూరుకుపోయాడు, ఖర్చు కోట్లల్లోకి పోయింది. ‘ఓవర్’ వస్తే లారీ మీద నుంచి పోయింది, పాలు పొంగిపోయాయి, సభ వేళ దాటింది. ‘డౌన్’ వస్తే ఛార్జింగ్ దిగిపోయింది, ఇల్లు పాడుబడింది, ఒకరు ఇంకొకరిని తీసిపారేశారు. ‘అవే’ వస్తే పారిపోయాడు, ప్రేమ కథలోనైతే లేచిపోయారు. ‘ఇన్ ది లాంగ్ రన్’ కు పేపర్లలో దీర్ఘకాలంలో అని ఉంటుంది, మనిషి మాట్లాడితే ‘పోను పోను’ అంటాడు. ఎవరికైనా ఒక సంగతి ‘రన్ పాస్ట్’ చేయమంటే చెవిన వేయడం. కాగితాన్ని ‘రన్ త్రూ’ చేయడం అంటే ఒకసారి తిరగెయ్యడం. జుట్టులో వేళ్లు ‘రన్’ చేస్తే వేళ్లు పోనిచ్చాడు, వీపు మీద చెయ్యి ‘రన్’ చేస్తే నిమిరింది. ఈ చివరి రెండూ ఇంగ్లీషు కథల్లో మాటిమాటికీ వస్తాయి, ఎప్పుడూ తప్పుతాయి. జ్వరం నడవదు, ఉంటుంది: 102 జ్వరం ఉంది, ఒళ్లు కాలిపోతోంది. రోడ్డు కూడా పరుగెత్తదు, మూసీ ఒడ్డు వెంబడి పోతుంది. ఎన్నికల్లో అమెరికా వాళ్లు ‘రన్’ అవుతారు, బ్రిటన్ వాళ్లు ‘స్టాండ్’ అవుతారు. మనవాళ్లు కూడా నిలబడతారు.

మనిషి నిజంగా పరుగెత్తే చోట కూడా ఒక చిక్కుంది. దీని గురించి ఎవరూ చెప్పరు గనక కాస్త వివరంగా రాస్తాను. ఇంగ్లీషులో ఎలా కదిలాడన్నది క్రియలో ఉంటుంది, ఎటు కదిలాడన్నది పక్కన చిన్న మాటలో ఉంటుంది. తెలుగులో ఇది తలకిందులు. ఎటు అన్నది క్రియలో కూర్చుంటుంది: ఎక్కు, దిగు, దాటు, వచ్చు, పోవు, దూరు. ఎలా అన్నది ముందు వస్తుంది: పరుగున, గబగబా, ఒక్క ఉరుకులో. మెట్ల మీదికి పరుగెత్తాడు అని నువ్వు రాసిన చోట ‘గబగబా మెట్లెక్కాడు’. రోడ్డు అడ్డంగా పరుగెత్తింది అన్న చోట ‘పరుగున రోడ్డు దాటింది’. గదిలోనుంచి బయటికి పరుగెత్తాడు అన్న చోట ‘ఒక్క ఉరుకులో బయటపడ్డాడు’. ఇలా మార్చుకుంటూ పోతే నీ కథలో పరుగెత్తడాలు సగం తగ్గిపోతాయి, మిగిలిన సగానికి బలం వస్తుంది. ఆ సగంలోనైనా ఒకే మాట వద్దు. పిల్లలు ఉరుకుతారు, భయపడ్డవాడు లగెత్తుతాడు, గుర్రం దౌడు తీస్తుంది. పోలీసును చూసినవాడు పరుగు లంకించుకుంటాడు. హైదరాబాదీ పాత్ర మాట్లాడుతుంటే ‘ఉరికిండు’ అని ధైర్యంగా రాయి. కథనం మాత్రం ఏ భాషలో మొదలుపెట్టావో చివరిదాకా అందులోనే ఉండనీ.

ఇక ఇంగ్లీషు మాటనే తెలుగులో ఉంచాల్సిన చోట్లు. ఇక్కడ పట్టుదలకు పోయి అనువదిస్తే నవ్వులపాలవుతాం. గ్రానైటు పనివాళ్ల ‘రన్నింగ్ ఫుట్’ చూడు. వెడల్పుతో సంబంధం లేకుండా పొడవును మాత్రమే కొలిచే లెక్క అది. వంటగట్టు అంచు 12 అడుగులుంటే అంచు నగిషీకి 12 రన్నింగ్ ఫుట్ల డబ్బులే ఇస్తారు. అదే గట్టు పైరాయి 12 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ఉంటే 24 చదరపు అడుగులు. ఒకే గట్టు, రెండు కొలతలు, రెండు రేట్లు. దీన్ని ‘పరుగు అడుగు’ అని రాసినా, చదరపు అడుగు అని సర్దినా లెక్క తప్పుతుంది. కాంట్రాక్టర్ల ‘రన్నింగ్ బిల్లు’ కూడా అంతే. పని మొత్తం పూర్తి కాకముందే, అయినంత మేరకు కొలిచి ఎంబుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, ఎక్కించి పెట్టే బిల్లు. కథలో కాంట్రాక్టరు ఉంటే ఆ మాటే వాడతాడు. రన్నింగ్ బస్సు ఎక్కొద్దని కండక్టరు అరుస్తాడు. బైకు రన్నింగ్ కండిషన్‌లో ఉందని అమ్మేవాడు చెబుతాడు. మాదాపూర్‌లో కోడ్ రన్ అవుతుంది. ట్రయల్ రన్, రన్నరప్, రన్‌రేట్ తెలుగు మాటలైపోయాయి.

అరువు తెచ్చుకున్నప్పుడు వ్యాకరణం మాత్రం మనదే. ఇంగ్లీషు క్రియ తెలుగులోకి ఒంటరిగా రాలేదు, అవు, చేయు, పెట్టు లాంటి మన క్రియ పక్కన ఉండాలి. ఏది పక్కన పెడతావో దాన్ని బట్టి బాధ్యత మారుతుంది. ‘రాత్రి ప్రోగ్రామ్ రన్ అయింది’ అంటే ఎవరు చేశారో తెలియదు. ‘రాత్రి ప్రోగ్రామ్ రన్ చేసిండు’ అంటే ఒక మనిషి దొరికాడు. కథలో తప్పు ఎవరిదో దాచాలంటే మొదటిది, చెప్పాలంటే రెండోది.

క్రికెట్ నీకు నాకన్నా బాగా తెలుసు కాబట్టి ఒక్క మాట. పరుగులు బ్యాటర్ చేస్తాడు, బౌలర్ ఇస్తాడు. వికెట్ల మధ్య ఉరికినప్పుడు మాత్రమే ‘తీస్తాడు’. సిక్సర్ కొట్టి నిలబడ్డవాడు ఆరు పరుగులు తీశాడని రాయకు.

మాటల్లో చెప్పింది ఒకచోట పెట్టి చూపిస్తాను. నీ కథలోది కాకుండా నేనే ఒక చిన్న పేరా అల్లాను. నిఘంటువు పక్కన పెట్టుకుని చేస్తే ఇలా వస్తుంది:

‘ఉదయం ఆరు గంటలకు నల్లా నడుస్తూ ఉంది. ఇంట్లో ఉప్పు పూర్తయింది. చిన్నవాడి ముక్కు ప్రవహిస్తోంది. నారాయణ ఆలస్యంగా నడుస్తున్నాడు. అతను మెట్ల మీదుగా కిందికి పరుగెత్తి, మూసీ వెంట పరుగెత్తే రోడ్డు మీద పాత స్నేహితుడిలోకి పరుగెత్తాడు.’

కర్తను చూసి రాస్తే ఇలా:

‘పొద్దున ఆరింటికే నల్లా వచ్చింది, ఎవరూ కట్టెయ్యలేదు, నీళ్లు పోతూనే ఉన్నాయి. ఉప్పు నిండుకుంది. చిన్నోడికి ముక్కు కారుతోంది. నారాయణకు అప్పటికే పొద్దెక్కిపోయింది. గబగబా మెట్లు దిగి మూసీ పక్క రోడ్డు ఎక్కాడో లేదో, పాత దోస్తు ఎదురుపడ్డాడు.’

రెండో పేరాలో ‘పరుగు’ అన్న మాట ఒక్కసారి కూడా లేదు, అయినా హడావిడి ఎక్కువైంది. రోడ్డుకు వేరే క్రియ అక్కర్లేకపోయింది, ‘పక్క’ అన్న మాటే ఆ పని చేసింది. ఇలా ఒక్కోసారి క్రియ మొత్తం ఎగిరిపోతుంది, బెంగపడకు.

సాధనకు ఒక పని చెబుతాను. రెండు వందల పేజీల నోటు పుస్తకం ఒకటి కొనుక్కో. పారు, కారు, ఆడు, నడుచు, తిరుగు, పోవు, దిగు, సాగు, వచ్చు, అయిపోవు: ఈ పది క్రియలకు ఒక్కొక్కదానికి ఇరవై పేజీలు వదులు. ఇంగ్లీషు మాటలు శీర్షికలుగా పెట్టొద్దు, పెడితే మళ్లీ నిఘంటువే తయారవుతుంది. కోఠి బస్టాపులో, మోండా మార్కెట్‌లో, గ్రానైటు షాపులో, ఆస్పత్రి వరండాలో విన్న వాక్యాన్ని విన్నట్టే ఆ క్రియ కింద రాసుకో, పక్కన ఎవరన్నారో రాసుకో: ఆటో అతను, పూలామె, కాంపౌండరు. వాక్యం మొత్తం రాయాలి, ఒక్క మాట రాసుకుంటే వారం తర్వాత అది ఎక్కడ అతుకుతుందో గుర్తుండదు. రోజుకు మూడు వాక్యాలు చాలు. అనువాదం మొదటి ప్రతి పూర్తయ్యాక ‘పరుగెత్తు’, ‘నడుపు’, ‘నిర్వహించు’, ‘బడు’ ఎక్కడెక్కడున్నాయో వెతికి, ఒక్కొక్క దాని దగ్గరా ఆగి కర్తను అడుగు. పైకి చదివి చూడు. నాలుక ఎక్కడ తట్టుకుంటే అక్కడ ఇంకా ఇంగ్లీషు మిగిలి ఉంటుంది.

నీ ప్రతి ఈ ఉత్తరంతోపాటే తిప్పి పంపుతున్నాను. పద్నాలుగో పేజీలో, టెలిగ్రాం చేతికందాక, పెద్దావిడ చెప్పులైనా వేసుకోకుండా వీధిలో పడే చోట ‘ఆమె పరుగెత్తింది’ అని రాశావు. దాని కింద గీత పెట్టలేదు. అది మార్చొద్దు.

ఆశీస్సులతో,
మీ అన్న